బీరువా తాళంచెవి

(గుంటూరు జిల్లాలోని ఒక శాఖా గ్రంథాలయంలో, గ్రంథాలయ వారోత్సవాల చివరి రోజు సాయంత్రం ఒక విశ్రాంత ఉపాధ్యాయురాలు చేసిన ప్రసంగం. రికార్డింగు విని రాసిన పాఠం.)

అందరికీ నమస్కారం. లైబ్రేరియన్ గారికి, పెద్దలకి, నాతో పాటు చాక్‌పీసు పొడి మింగిన టీచర్లకి, ముందు వరుసలో కూర్చుని అప్పుడే కాళ్ళు ఊపడం మొదలుపెట్టిన పిల్లలకి కూడా. బాబూ, ఆ మైకు కొంచెం కిందికి దించు. నేను అంత పొడుగు లేను. ఆ, చాలు.

ఇందాక మాస్టారు నన్ను పరిచయం చేస్తూ, "ఈవిడ చిన్నప్పటి నుంచీ పుస్తకాల పురుగు, అందుకే పిల్లల చేత చదివించే పనిలో దిగారు" అన్నారు. వినడానికి బాగుంది కానీ అందులో సగమే నిజం. చిన్నప్పుడు పుస్తకాలంటే నాకున్న పిచ్చి నన్ను ఈ పనిలోకి దింపిన మాట వాస్తవమే. అదే పిచ్చి చాలా ఏళ్ళు నా పనికి అడ్డం కూడా పడింది. ఆ రెండో సగం ఎవరికీ పెద్దగా చెప్పలేదు. ఇవాళ చెబుతాను.

మాది మిరపకాయల ఊరు. మా అమ్మకి అక్షరం ముక్క రాదు. ఎండాకాలం వచ్చిందంటే మా ఇంటి ముందు పందిట్లో ఎండు మిరపకాయల కుప్ప పోసి, చుట్టూ ఏడెనిమిది మంది ఆడవాళ్ళు కూర్చుని తొడిమలు తీసేవాళ్ళు. చేతులు భగభగ మండుతుంటాయి. కన్ను దురద పెట్టినా ముట్టుకోవడానికి లేదు, ముక్కు కారుతున్నా తుడుచుకోవడానికి లేదు. పొద్దున్నుంచి సాయంత్రం దాకా అదే పని. మరి పొద్దు పోవాలిగా. అందుకని నన్ను ఒక గంప బోర్లించి దాని మీద కూర్చోబెట్టేవాళ్ళు. 1971లోనో 72లోనో అనుకుంటా, నాకు ఎనిమిదేళ్ళో తొమ్మిదేళ్ళో. ఊళ్ళో ఒక పెద్దింట్లో వీక్లీ తెప్పించేవాళ్ళు. వాళ్ళింట్లో అందరూ చదివేశాక, ఓ వారం ఆలస్యంగా మా పందిట్లోకి వచ్చేది. అందులో సీరియల్ చదివి వినిపించడం నా డ్యూటీ.

నేను తెలివైనదాన్ని అనుకునేదాన్ని. కష్టమైన మాట వస్తే దాటేసేదాన్ని. వర్ణనలు పొడుగ్గా ఉంటే ఒక పేరా మింగేసేదాన్ని. వీళ్ళకేం తెలుస్తుందిలే, చదువు రాదుగా అని. మా పక్కింటి పెద్దమ్మ ఒకావిడ ఉండేది. చేతిలో కాయ చేతిలో ఉంచుకుని, "ఏయ్, ఆగు. పోయిన వారం ఆ పిల్ల రైలెక్కిందిగా? ఇప్పుడు వంటింట్లో ఎట్టా ఉంది? ఏదో మింగావు నువ్వు, ఎనక్కి పో" అనేది. వెనక్కి వెళితే నిజంగానే మింగాను. రైలు దిగడం, రిక్షా మాట్లాడుకోవడం, అంతా మింగాను. ఆవిడకి వారం రోజుల కిందటి కథ అక్షరం పొల్లు పోకుండా గుర్తుంది. ఆవిడకి రానిది అక్షరం ఒక్కటే. కథ ఎట్లా నడవాలో, ఎక్కడ మనిషి మాట తప్పాడో, ఎక్కడ రచయిత మోసం చేశాడో అంతా తెలుసు. నాకు చదవడం బడిలో నేర్పారు. శ్రద్ధగా చదవడం మాత్రం ఆ పెద్దమ్మ నేర్పింది.

వీక్లీ అయిపోయిన రోజుల్లో పొద్దు పోయేది కాదు. లైబ్రరీలో పుస్తకాలు ఉంటాయంట అని ఎవరో అన్నారు. వెళ్ళాను. అక్కడ గాజు తలుపుల బీరువాలు, లోపల పుస్తకాలు వరసగా, ముద్దుగా నిలబడి ఉన్నాయి. తలుపుకి ఇంతలావు తాళం. అప్పటి గుమాస్తా గారు, "పేపరు కావాలంటే కూర్చుని చదువుకో, పుస్తకం ఇంటికి కావాలంటే ఐదు రూపాయలు డిపాజిట్టు కట్టాలి. చిన్నపిల్లలకి ఇయ్యం, చింపేస్తారు" అన్నారు. ఇంటికొచ్చి ఏడ్చాను. మర్నాడు పెద్దమ్మ కొంగుముడి విప్పి ఐదు రూపాయల నోటు తీసింది. దానికి మిరపకాయ ఘాటు. ఎన్ని బస్తాల తొడిమలు తీస్తే ఐదు రూపాయలు వస్తాయో నాకు తెలుసు. "తెచ్చింది తెచ్చినట్టు మాకు చదవాలి, మింగకూడదు" అని షరతు పెట్టి, తనే నాతో వచ్చి, బల్ల మీద నోటు పెట్టి, వేలిముద్ర వేసి నన్ను చేర్పించింది.

ఆ తాళం సంగతి గుర్తుపెట్టుకోండి, మళ్ళీ వస్తాను దాని దగ్గరికి.

ఆ తర్వాత నా బాల్యమంతా మీలో ఓ యాభై ఏళ్ళు దాటిన వాళ్ళందరి బాల్యం లాంటిదే. చందమామ. 1947 జులైలో నాగిరెడ్డి, చక్రపాణి గార్లు మద్రాసులో మొదలుపెట్టిన పత్రిక. నేను చదివే రోజుల్లో దాన్ని లోపల నుంచి నడిపింది కొడవటిగంటి కుటుంబరావు గారు. 1952 నుంచి 1980లో ఆయన పోయేదాకా. ఆ సంగతి నాకు పెద్దయ్యాక గానీ తెలియలేదు. అప్పట్లో నాకు తెలిసిందల్లా ఆ కథల్లో వాక్యాలు పొట్టిగా, నీళ్ళలా ఉంటాయని. పందిట్లో చదువుతుంటే నోరు తిరక్కపోవడం అనేది ఉండేది కాదు. బొమ్మలు చూడటానికి ఆడవాళ్ళు చేతులు కడుక్కుని మరీ వచ్చేవాళ్ళు. శంకర్ గారు గీసిన ఆ విక్రమార్కుడు, భుజాన శవం, చేతిలో కత్తి, ఆ బొమ్మ చూసి మా పెద్దమ్మ "పాపం, ఎంత బరువు మోస్తన్నాడో" అనేది. రాజుని చూసి జాలిపడ్డ మనిషిని ఆవిడ ఒక్కదాన్నే చూశాను నేను.

సరే. పెద్దదాన్నయ్యాను, టీచర్ ట్రైనింగ్ చేశాను, 1986లో ఉద్యోగం వచ్చింది. ప్రాథమిక పాఠశాల, ఇద్దరు టీచర్లు, ఐదు తరగతులు. మొదటి జీతంలో కొంత, రెండో జీతంలో కొంత పెట్టి పాత చందమామలు సంపాదించి బైండు చేయించాను. ఎర్ర కాలికో అట్ట. బడికి పట్టుకెళ్ళి బల్ల మీద పెట్టి, "పిల్లలూ, ఇదిగో నిధి" అన్నాను. నాకు కళ్ళనీళ్ళు ఒక్కటే తక్కువ.

వాళ్ళు బొమ్మలు చూశారు. పేజీలు తిప్పారు. పది నిమిషాల్లో గోలీలాటకి పోయారు.

నాకు ఎంత కోపం వచ్చిందో! నా పిల్లలకి అభిరుచి లేదనుకున్నాను. టీవీ వచ్చింది, పిల్లలు చెడిపోయారనుకున్నాను. ఇప్పుడు మనం ఫోన్లని తిడుతున్నామే, సరిగ్గా అట్లాగే. బలవంతాన కూర్చోబెట్టి చదివించాను. ఒక కథ చదివి, నీతి ఏమిటో రాయమన్నాను. కథ చదివించి నీతి రాయమనడం కంటే పుస్తకాన్ని చంపే మార్గం ఇంకోటి లేదు. ఆ పని నేను నాలుగైదేళ్ళు చాలా నిష్ఠగా చేశాను. (నవ్వులు)

ఒకరోజు ఐదో తరగతి అమ్మాయి, చాలా చురుకైన పిల్ల, అడిగింది: "టీచర్, ఇందులో అందరూ రాజులు, మంత్రులు, షావుకార్లేనా? మాలాంటోళ్ళు ఎక్కడుంటారు?" నేను తడుముకున్నాను. "కట్టెలు కొట్టేవాడు ఉన్నాడుగా" అన్నాను. "వాడు చివర్లో రాజైపోయాడుగా టీచర్" అంది. నా దగ్గర జవాబు లేదు. ఇప్పటికీ ఆ పత్రిక అంటే నాకు ప్రాణం. కానీ నా ప్రాణాన్ని తీసుకెళ్ళి పిల్లల నెత్తిన పెడితే వాళ్ళకి బరువే.

అసలు దెబ్బ మాత్రం ఇంకో పిల్లవాడు కొట్టాడు. నాలుగో తరగతి. వాచకంలో పాఠం చదవరా అంటే గడగడా చదివేసేవాడు. ఇన్‌స్పెక్షన్ వస్తే వాణ్ణే లేపేదాన్ని. ఒక రోజు ఎందుకో, పాఠం మధ్యలో ఒక మాట మీద వేలు పెట్టి "ఇదేంట్రా" అన్నాను. వాడు నా వేలు వంక చూశాడు. తర్వాత పేజీ మొదటికి వెళ్ళి, పెదాలు కదుపుతూ, ఒక్కో మాట మీద వేలు పెట్టుకుంటూ, వల్లె వేసుకుంటూ వచ్చి, నా వేలు దగ్గర ఆగి, అప్పుడు ఆ మాట చెప్పాడు.

టీచర్లకి అర్థమైంది, తల ఊపుతున్నారు. మిగతావాళ్ళకి చెబుతాను. వాడికి చదవడం రాదు. పాఠం మొత్తం కంఠతా వచ్చు, అంతే. లెక్కపెట్టుకుంటూ వచ్చి మాట చెప్పాడు. ఎంత తెలివి కావాలి దానికి! ఆ తెలివంతా చదవడం రాదన్న సంగతి దాచుకోవడానికి ఖర్చుపెడుతున్నాడు. నాలుగేళ్ళుగా. నా కళ్ళముందు రెండేళ్ళుగా.

ఆ రాత్రి నిద్రపట్టలేదు. చదవడం నాకు ఎప్పుడు వచ్చిందో నాకు గుర్తు లేదు. ఊపిరి తీసుకున్నట్టు వచ్చేసింది. అందుకే రానివాడి కష్టం నాకు కనపడలేదు. పుస్తకం చేతికిస్తే చదువుతారు అనుకున్నాను, ఎందుకంటే నా చేతికి ఇస్తే నేను చదివాను కాబట్టి. పుస్తకాల పిచ్చి ఉన్నవాళ్ళందరికీ ఈ గుడ్డితనం కొంచెం ఉంటుంది. ఇక్కడ ఉన్న రచయితలు కోపగించుకోకండి.

మన లిపి సంగతి చూడండి. అందంగా ఉంటుంది, ముత్యాల్లా ఉంటుంది అని మురిసిపోతాం. ఆరేళ్ళ పిల్లవాడి వైపు నుంచి చూడండి. అచ్చులు, హల్లులు కలిపి యాభై పైన. ఒక్కో హల్లుకి గుణింతం వేస్తే నాలుగు వందలు దాటుతాయి. వాటికి ఒత్తులు. కొన్ని ఒత్తులు అక్షరాన్ని పోలి ఉంటాయి, కొన్ని అసలు పోలవు. త ఒత్తుకీ తకీ, మ ఒత్తుకీ మకీ చుట్టరికం ఉందని ఎవరైనా చెబితే తప్ప తెలుస్తుందా? బడిలో ఏం చేస్తాం, "కకి తలకట్టిస్తే క, కకి దీర్ఘమిస్తే కా, కకి గుడిస్తే కి" అని రాగం తీయిస్తాం. ఊరంతా వినపడేట్టు అరుస్తారు. రాగం వస్తుంది, నోటికి వస్తుంది. పలక మీద ఒక్క "కె" రాసి చూపిస్తే గుడా, ఎత్వమా అని దిక్కులు చూస్తారు. అక్షరం అక్షరం కూడబలుక్కుంటూ వాక్యం చివరికి వచ్చేసరికి మొదట్లో ఏముందో మర్చిపోతారు. అట్లా చదివేవాడికి కథలో రుచి ఏం తెలుస్తుంది? వాడికి పుస్తకం మీద అయిష్టం కాదు, అలుపు.

ఇదేదో మా ఒక్క బడి గొడవ అనుకునేదాన్ని. తర్వాత పిల్లల చదువుల మీద పనిచేసే ప్రథమ్ సంస్థ వాళ్ళ అసర్ సర్వేలు వచ్చాయి, 2005 నుంచి. వాళ్ళు బడికి కాదు, పల్లెల్లో ఇంటికి వెళ్ళి, పిల్లవాడి పక్కన కూర్చుని, అక్షరాలు, మాటలు, చిన్న పేరా, ఓ చిన్న కథ, వరసగా చదివించి చూస్తారు. ఆ కథ రెండో తరగతి స్థాయిది. 2024 సర్వే లెక్క ప్రకారం, దేశం మొత్తం మీద పల్లెల్లోని ప్రభుత్వ బడుల్లో మూడో తరగతి పిల్లల్లో నూటికి 23 మందే దాన్ని చదవగలిగారు. ఐదో తరగతిలో నూటికి 45 మంది. 2022 కంటే మెరుగే, అప్పుడు మూడో తరగతిలో నూటికి 16 మంది. కరోనాలో మూతపడ్డ బడుల దెబ్బ నుంచి కోలుకుంటున్నారు. సంతోషమే. కానీ లెక్క తిప్పి చదవండి. ఐదో తరగతికి వచ్చి కూడా సగం మంది పైన రెండో తరగతి కథ చదవలేకపోతున్నారు. వాళ్ళని రేపు ఆరో తరగతిలో కూర్చోబెట్టి సైన్సు పాఠం చెబుతాం. "మా టైమ్‌లో ఇట్లా ఉండేది కాదు" అని ఎవరో గొణుగుతున్నారు వెనక. ఉండేది మాస్టారూ. మన టైమ్‌లో చదవలేనివాళ్ళు మూడో తరగతిలోనే బడి మానేసి గేదెల వెంట పోయారు. అందుకే మనకి కనపడలేదు.

సరే, ఆ నాలుగో తరగతి పిల్లవాడి దగ్గరికి వద్దాం. వాచకం పక్కన పెట్టేశాను. చందమామ కూడా. "ఏరా, మీ ఇంట్లో ఏంటి విశేషం?" అన్నాను. "మా మేక ఈనింది టీచర్. రెండు పిల్లలు. ఒకటి నల్లది, ఒకటి తెల్లది" అన్నాడు. అదే పెద్ద అక్షరాలతో పాత క్యాలెండరు వెనకాల రాశాను. వాడి మాట, వాడు చెప్పినట్టే. చదివాడు, వాడి మాటే కదా. అప్పుడు కత్తెర తీసుకుని మాట మాటకీ కత్తిరించి కలిపేశాను. లెక్కపెట్టుకుంటూ రావడానికి ఇక వీల్లేదు. "నల్లది ఏది?" అన్నాను. చాలాసేపు చూశాడు. మేక పిల్ల కళ్ళముందు ఉంది కదా, వదల్లేడు. పట్టుకున్నాడు. "తెల్లది?" పట్టుకున్నాడు. రెండింట్లోనూ ఒకే బొమ్మ ఉంది టీచర్ అన్నాడు. ఏ బొమ్మరా అంటే ల కింద ల ఒత్తు చూపించాడు. "పిల్లలు"లో కూడా ఉందని వాడే కనిపెట్టాడు. నేను ఇల్లు, బెల్లం, చెల్లి, మల్లె రాశాను. చదివేశాడు. ఆ మధ్యాహ్నం ల ఒత్తు అయిపోయింది. పన్నెండు రోజులు వల్లె వేయించినా రాని ఒత్తు.

మేక కాగితం ఇంటికి పట్టుకుపోయాడు. మర్నాడు వాళ్ళమ్మ వచ్చింది, "మా మేక గురించి పుస్తకంలో రాశారంటగా" అని. అది చూసి మిగతా పిల్లలు, మా కోడిపుంజు గురించి రాయండి, మా నాయనమ్మ దయ్యాన్ని చూసింది రాయండి అని వెంటబడ్డారు. అట్లా ఆ ఏడాది మా బడిలో ముప్పై నలభై పుస్తకాలు తయారయ్యాయి. దారంతో కుట్టిన క్యాలెండరు కాగితాలు. వాటిలో దయ్యం పుస్తకానికి ఉన్నంత గిరాకీ నేను ఏ పుస్తకానికీ చూడలేదు. ఆ పుస్తకాలు చదివిన పిల్లలే రెండేళ్ళ తర్వాత ఎర్ర కాలికో అట్టలు వాళ్ళంతట వాళ్ళు తెరిచారు. నేను తలుపు చాటు నుంచి చూశాను. ఎదురుగా వెళితే మానేస్తారేమోనని భయం.

ఇక్కడ ఒక్క నిమిషం పక్కకి వెళతాను, పెద్దవాళ్ళ కోసం.

పుస్తకం మనిషి దగ్గరికి వెళ్ళాలి అనేది నేను కనిపెట్టింది కాదు. మన నేలకి అది పాత విద్య. మా అమ్మమ్మగారి ఊరు కొల్లూరు వైపు. మా తాత చెప్పేవాడు, కాలవ మీద పుస్తకాల పడవ వచ్చేది, గట్టు మీద నిలబడి పుస్తకం మార్చుకునేవాళ్ళం అని. మేం కోతలనుకునేవాళ్ళం. తీరా చూస్తే నిజమే. 1935లో పాతూరి నాగభూషణం గారు పెదపాలెం సేవాశ్రమం నుంచి పెదవడ్లపూడి, కొల్లూరు కాలవ మీద పడవ గ్రంథాలయం నడిపారు. అంతకుముందే 1914లో బెజవాడ రామమోహన గ్రంథాలయంలో అయ్యంకి వెంకటరమణయ్య గారు గ్రంథాలయాల వాళ్ళందరినీ ఒక చోట చేర్చి సంఘం పెట్టారు. అటు హైదరాబాదులో, తెలుగు మాట్లాడటమే నామోషీగా ఉన్న రోజుల్లో, 1901లోనే శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషానిలయం పెట్టారు.

వీళ్ళందరిలో నాకు దగ్గరివాడనిపించే మనిషి వట్టికోట ఆళ్వారుస్వామి. నల్లగొండ జిల్లా వాడు. చిన్నప్పుడు ఒక ఉపాధ్యాయుడికి వండిపెడుతూ చదువు నేర్చుకున్నాడు. హోటల్లో సర్వరుగా చేశాడు. బడి చదువు పెద్దగా లేదు. అట్లాంటి మనిషి 1938లో సికింద్రాబాదులో దేశోద్ధారక గ్రంథమాల పెట్టి, పుస్తకాలు అచ్చువేసి, మోసుకుని, ఊరూరా తిరిగి అమ్మాడు. ఆయన్ని తల్చుకున్నప్పుడల్లా నాకు మా పెద్దమ్మ ఐదు రూపాయల నోటు గుర్తొస్తుంది. చదువు కష్టం మీద వచ్చినవాళ్ళకి, రానివాళ్ళ ముఖం కనపడుతుంది. నాకు తేలిగ్గా వచ్చింది కాబట్టి పదేళ్ళు పట్టింది.

ఇంకో సంగతి. మీరు కట్టే ఇంటిపన్నులో గ్రంథాలయ పన్ను కూడా ఉంది, తెలుసా? రూపాయికి ఎనిమిది పైసలు. 1960 నాటి చట్టం పెట్టిన పన్ను అది. వసూలైన డబ్బు జిల్లా గ్రంథాలయ సంస్థకి చేరాలి. ఎక్కడెక్కడ చేరడం ఆలస్యమవుతోందో పేపర్లలో చూస్తూనే ఉంటాం. సర్పంచ్ గారు నవ్వుతున్నారు. నేనేం అనను, చాయ్ ఇప్పించారు. (నవ్వులు) కానీ అమ్మలూ, మీరు డబ్బు కట్టేశారు. ఈ గదిలో పుస్తకం అడగడం మొహమాటపడాల్సిన పని కాదు.

రిటైరయ్యాక నేను చేస్తున్నది చాలా చిన్న పని. ఒక సంచి, అందులో నలభై పుస్తకాలు. సాయంత్రం ఐదింటికి మా వీధి చివర వేపచెట్టు అరుగు మీద సంచి బోర్లిస్తాను. సభ్యత్వం లేదు, డిపాజిట్టు లేదు, పేరు రాసుకోవడం లేదు. పుస్తకం చదివాక ప్రశ్నలు అడగను. నీతి అసలు అడగను. సగంలో వదిలేస్తే ఎందుకు వదిలేశావని అడగను. మనం పెద్దవాళ్ళం ఎన్ని పుస్తకాలు సగంలో వదల్లేదు? రోజూ ఒక కథ మాత్రం నేను పైకి చదువుతాను. చదవడం వచ్చినవాళ్ళకీ రానివాళ్ళకీ కలిపి. పిల్లలకి చదవడం వచ్చేసింది కదా ఇక చదివి వినిపించడం ఎందుకు అంటారు కొందరు. ఏమో, నలభై ఏళ్ళున్న ఆడవాళ్ళకి నేను ఎనిమిదేళ్ళప్పుడు చదివి వినిపించాను. ఎవరూ ఎందుకని అనలేదు.

మొదటి ఏడాది లెక్క చెబుతాను. అరవై పుస్తకాలు కొంటే ఇరవై మూడు తిరిగి రాలేదు. పదకొండు చిరిగాయి. నా కోడలు, "అత్తయ్యా, ఇది లైబ్రరీయా, దానధర్మమా" అంది. చిరిగినవి చూపించాను. అన్నిట్లోనూ చిరిగింది మధ్యలో మంచి బొమ్మలున్న పేజీల దగ్గరే. బీరువాలో యాభై ఏళ్ళు కొత్తగా ఉన్న పుస్తకం నాకు దిగులు పుట్టిస్తుంది.

తల్లులు అడిగేది ఒకటుంది. "తెలుగు కథలెందుకమ్మా, ఇంగ్లీషు మీడియం కదా, ఇంగ్లీషు పుస్తకాలు తేండి" అని. తెస్తాను, సంచిలో ఉన్నాయి. కానీ తెలియని భాషలో, తెలియని లిపిలో ఒకేసారి చదవమంటే ఆ పిల్లవాడు మళ్ళీ లెక్కపెట్టుకుంటూ వచ్చే పిల్లవాడే అవుతాడు. ఇంట్లో మాట్లాడే మాట కాగితం మీద కనపడితే చదవడమంటే ఏమిటో ఒకసారి తెలుస్తుంది. ఆ తెలిసింది రెండో భాషకి కూడా పనికొస్తుంది. ఇంట్లో మాట అంటే మళ్ళీ నా ఇంట్లో మాట కాదు. అది కూడా ఒక పిల్లే నేర్పింది నాకు. ఆ పిల్ల గురించి చెప్పి ఆపేస్తాను.

జనవరి నుంచి మనకి మిరప కోతలు. కర్నూలు వైపు నుంచి, ఆదోని, కోసిగి, మంత్రాలయం నుంచి కుటుంబాలకి కుటుంబాలు వస్తాయి. ఇంటికి తాళం వేసి, పిల్లల్ని వెంటబెట్టుకుని. వాళ్ళ బళ్ళో పేరుంటుంది, పిల్ల ఇక్కడ గుడారంలో ఉంటుంది. మూడు నెలలు బడి లేదు. తిరిగి వెళ్ళేసరికి పరీక్షలు. అట్లా వచ్చిన ఒక పిల్ల, పదేళ్ళుంటాయి, తమ్ముణ్ణి చంకనేసుకుని అరుగు దగ్గర నిలబడేది. దగ్గరికి వచ్చేది కాదు. ఒకరోజు నేను చదువుతున్న కథలో వేరుశనక్కాయలు వచ్చాయి. "అంటే ఏంది?" అంది దూరం నుంచే. బొమ్మ చూపించాను. "ఓ, బుడ్డలు" అంది. మా పిల్లలు పకపకా నవ్వారు. నేను పెన్ను తీసి, పుస్తకంలో ఆ మాట పక్కనే "బుడ్డలు" అని రాశాను. అచ్చయిన పుస్తకంలో. తెలంగాణ నుంచి వచ్చిన మా అల్లుడు పల్లీలు అంటాడు, అదీ రాశాను. ఆ పిల్ల వచ్చి ఆ మాట వైపు చాలాసేపు చూసింది. తను అన్న మాట, పుస్తకంలో, సిరాతో.

ఆ రోజు నుంచి వచ్చి కూర్చునేది. అక్షరాలు వచ్చు, గుణింతాల దగ్గర తడబాటు. మా పిల్లలే నేర్పారు, మేక కాగితాలు కత్తిరించి. ఏప్రిల్‌లో ఒకరోజు చూస్తే గుడారాలు లేవు. పిల్ల లేదు. ఆ బుడ్డల పుస్తకమూ లేదు. నా ఇరవై మూడింట్లో అదొకటి.

మళ్ళీ ఏడాది జనవరిలో వచ్చింది. చంకలో తమ్ముడు లేడు, పక్కన నడుస్తున్నాడు. చేతిలో పుస్తకం. అట్ట లేదు, గోనె గుడ్డతో కుట్టి ఉంది. మిరపకాయల బస్తాల మీద పడి వచ్చిందేమో, తెరవగానే నేనూ, అరుగు మీద పిల్లలందరూ ఒకటే తుమ్ములు. తుమ్ములు ఆగాక చూస్తే, ప్రతి పేజీలోనూ నా "బుడ్డలు" లాగే పక్కన పెన్సిలుతో ఏవేవో మాటలు. వాళ్ళ ఊరి మాటలు. కొన్నిటికి ఒత్తులు తప్పు, కొన్నిటికి దీర్ఘాలు లేవు. "తమ్మునికి చదివి చెప్తా ఉంటి. వానికి ఈ మాటలు తెలీవు గదా, అందుకే రాసినా" అంది. తర్వాత నా సంచి వైపు చూసి, "ఇంగోటి యాది?" అంది.

ఆ పుస్తకం ఇవాళ తెచ్చాను. ఇదిగో. ముందు వరుస వాళ్ళు మరీ దగ్గర పెట్టుకోకండి, ఘాటు ఇంకా పోలేదు.

టైము ఐదు పది అయింది. ఐదున్నరకి గది మూసేస్తారట. ఈ పిల్లలు ఇందాకటి నుంచి నా మొహం చూడటం లేదు, నా వెనక బీరువా వైపు చూస్తున్నారు. నేనూ చూశాను, లోపల కొత్త బొమ్మల పుస్తకాలు బాగున్నాయి. లైబ్రేరియన్ గారూ, ఆ తాళంచెవి ఒకసారి ఇటివ్వండి. ఇరవై నిమిషాలుంది.